గాలికి కాస్త సందు

మీ పిల్లలు డ్రమ్స్ వాయిస్తుంటే తలుపు మూసేస్తున్నారా? నేనూ అంతే.

ముక్త్యాలలో, కృష్ణ ఒడ్డున, భజన తాళాలు వింటూ పెరిగినవాణ్ణి. మా అబ్బాయి వాయించే హై-హ్యాట్ కూడా తాళాల జతే. స్టాండుకు బిగించి, ఎడమ కాలితో పెడల్ తొక్కుతారు.

"పదో తరగతి కదా, ఇక కట్టిపెట్టు" అందామని వాడి గదిలోకి వెళ్లాను. ఎంత తొక్కినా శబ్దం మూగగా వస్తోంది.

"రెండూ సమంగా మూసుకుంటే గాలి లోపలే చిక్కుకుంటుంది నాన్నా" అంటూ అడుగున మర తిప్పి, కింది తాళాన్ని కొంచెం వాల్చాడు. ఈసారి 'చిక్' మని పలికింది.

అనాలనుకున్న మాట అనలేకపోయాను. రోజూ సాయంత్రం అరగంట ఇప్పుడు వాడిదే.

మీ పిల్లల రోజులోనూ అంత సందు ఉందా? ఒకసారి చూడండి.