కుడికా, నేరుగానా?

ఫ్రెంచి భాషలో దారి అడగడానికి నాలుగు మాటలు చాలునన్న ధీమాతో మేమిద్దరం పారిస్‌లో అడుగుపెట్టాము. 'ఊ ఎ' అంటే ఎక్కడ ఉంది, 'ఆ గోష్' అంటే ఎడమకు, 'ఆ ద్రువాత్' అంటే కుడికి, 'తూ ద్రువా' అంటే నేరుగా. నాలుగింటినీ కంఠస్థం చేశాము గానీ, చివరి రెండూ ఎంత దగ్గరి చుట్టాలో గమనించలేదు.

ఆ రోజు శుక్రవారం. జుమా నమాజు పారిస్ మహా మస్జిద్‌లో చేయాలని మా కోరిక. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు పక్షాన పోరాడి ప్రాణాలు కోల్పోయిన ముస్లిం సైనికుల స్మృత్యర్థం నిర్మించిన ఆ మస్జిద్ 1926లో ప్రారంభమైంది. ఏడవ నంబరు మెట్రోలో వెళ్లి ప్లాస్ మోంజ్ స్టేషన్‌లో దిగాము. ఎదురైన ఒక మహిళను "ఊ ఎ లా మోస్కే?" అని అడిగాము. ఆమె ఒక క్షణం ఆగి, "బోంజూర్" అన్నది. ఆ దేశంలో పలకరింపు లేని ప్రశ్న మర్యాద కాదు. సలాం చేశాకే మాట మొదలుపెట్టాలని పిల్లలకు చెప్పే మేము సిగ్గుపడ్డాము.

ఆమె చెప్పిన జవాబులో 'ద్రువా' ఒక్కటే మా చెవికి అందింది. కుడికని మాలో ఒకరు, నేరుగానని మరొకరు. గట్టిగా అన్నవారి మాటే నెగ్గింది. కుడికి తిరిగి నడిచీ నడిచీ తర్వాతి మెట్రో స్టేషన్ సాన్సియే దొబాంతోన్ దగ్గర తేలాము. ఖుత్బా వేళ సమీపిస్తున్నది. మన ఊళ్లలోనైతే వేపచెట్టో, పాల డిపోయో ఆనవాలు చెబుతారు. అక్కడ గోడ మూలన నీలి పలకపై వీధి పేరే ఆనవాలు. అది చదవడం ఒకటి, పలకడం మరొకటి.

పండ్ల దుకాణం ముందున్న ఒక పెద్దాయనకు ఈసారి ముందుగా సలాం చేశాము. ఆయన జవాబిచ్చి, మా తికమక గ్రహించి నవ్వారు. కుడిచేతిని తట్టి "ద్రువాత్", చేతిని ముందుకు చాచి "ద్రువా" అన్నారు. చివరన 'త్' వినిపిస్తే కుడి, వినిపించకుంటే నేరుగా. అంతే తేడా! దారి తెలియనివానికి దారి చూపడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన మాకు దారితోపాటు భాషను కూడా దానం చేశారు.

ముప్పైమూడు మీటర్ల మినార్ కనిపించేసరికి ఖుత్బా సగమైంది. చివరి వరుసల్లోనే మాకు చోటు దొరికింది.

నమాజు తర్వాత ఫ్రెంచి ఖుర్ఆన్ అనువాదం ఒకటి తెరిచి చూశాము. ఫాతిహా సూరాలోని 'ఋజుమార్గం' దగ్గర మళ్లీ అదే 'ద్రువా'! 1959లో వెలువడిన ఆ అనువాదం మన హైదరాబాదులో పుట్టి, దశాబ్దాలపాటు పారిస్‌లో నివసించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ గారిది. చాలాసేపు ఆ పుట తిప్పలేకపోయాము.

తిరిగి వస్తుంటే దొబాంతోన్ వీధి మొదట్లో చంటిబిడ్డతో ఉన్న ఒక తల్లి మమ్మల్ని ఆపి మెట్రో ఎటని అడిగింది. "బోంజూర్, మదామ్" అన్నాము ముందుగా. తర్వాత చేయి చాచి, 'త్' పొరపాటున కూడా పలకకుండా, ఇద్దరమూ ఒకేసారి "తూ ద్రువా" అన్నాము. ఆమె నేరుగానే వెళ్లింది. వీధి చివర కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాము.