వెర్మాంటు సీమలో పొయ్యి ముచ్చట

దూరదేశములు చూచివచ్చినవారు సామాన్యముగా అచ్చటి మేడలను, వంతెనలను, సముద్రతీరములను గూర్చి వ్రాయుచుందురు. మేము ఒక పొయ్యిని గూర్చి వ్రాయబూనితిమి. అమెరికాలో మా అమ్మాయి యింట ఆరు నెలలుండి వచ్చినమీదట మా వీథిలోని స్త్రీలందఱును "నయాగరా జలపాతము చూచితిరా?" అనియే అడిగిరి. చూడలేదు. మేము చూచినవి కొండలు, అడవులు, మంచు. ఆ మంచులో ఒక సంసారము తన యింటిని వెచ్చగా నిలుపుకొనుటకు పడిన తంటాలు. ఆడువారికి పనికివచ్చు సంగతులు జలపాతమునందుకంటె వీనియందే ఎక్కువగా నున్నవని మా నమ్మకము.

అక్టోబరు రెండవ వారమున బోస్టను నగరమున విమానము దిగితిమి. మా అల్లుడు కారు తెచ్చెను. అచ్చటినుండి వారుండు పల్లెకు ఇంచుమించు 180 మైళ్లు, మూడుగంటల ప్రయాణము. బోస్టను దాటిన కొలదిసేపటికే వోబర్న్ అను నూరు వచ్చెను. "అత్తయ్యగారూ! కౌంట్ రంఫర్డు పుట్టినది ఇక్కడనే. గోడపొయ్యి లోతు తగ్గించి, ప్రక్కగోడలు ఏటవాలుగా కట్టి, వేడి గదిలోనికి వచ్చునట్లు చేసినవాడు ఆయనయే" అని అల్లుడు చెప్పెను. 1753లో బెంజమిన్ థామ్సన్ అను పేర అచ్చట పుట్టిన ఆ పండితుడు పిదప ఐరోపాకు పోయి ప్రభువై, 1796లో పొయ్యిలను గూర్చి వ్యాసమే ప్రకటించెను. అల్లుడు అత్తగారితో తొలిమాటగా పొయ్యి సంగతి యెత్తుట మాకు వింతగా తోచెను. ఆ యింట పొయ్యిని గూర్చి మూడు నెలలుగా ఆలుమగల నడుమ వాదము సాగుచున్నదని మాకప్పటికి తెలియదు.

న్యూహాంప్‌షైరు రాష్ట్రము గడచి, కనెక్టికట్ నదిమీది వంతెన దాటగానే వెర్మాంటు. ఆ నెలలో ఆ కొండల సొగసు చెప్పనలవి కాదు. మేపుల్ చెట్ల ఆకులు కొన్ని కుంకుమవలె, కొన్ని పసుపువలె మాఱి, కొండలన్నియు పేరంటమునకు ముస్తాబైనట్లుండెను. ఆ రాష్ట్రములో ముప్పాతిక పాలు అడవియే. అయితే అది యంతయు అనాదిగా ఉన్న అడవి కాదు. 19వ శతాబ్దమున గొఱ్ఱెల మేతకై చెట్లను చాలవఱకు నఱకివేసిరి. ఆ వ్యాపారము చెడి, జనులు పడమటి భూములకు తరలిపోగా, చెట్లు మరల మొలచినవి. నేటికిని దట్టమైన అడవి నడుమ ఎవరికిని అక్కఱలేని రాతిగోడలు పొడవునను కానవచ్చును. అవి ఒకప్పటి పొలముల సరిహద్దులు. వానిని చూచినప్పుడు మాకేలనో మా తాతగారి పాడుపడిన దొడ్డి జ్ఞప్తికి వచ్చెను.

ఆ రాష్ట్రమునకు మాంట్‌పీలియరు రాజధాని. జనసంఖ్య 8,000 మాత్రమే. ఆ దేశమున రాష్ట్ర రాజధానులన్నిటిలో చిన్నది. మా అమ్మాయి యిల్లు దానికి కొంత దూరమున ఒక పల్లెలో నున్నది. గోడలన్నియు కొయ్యయే. ఉత్తరపుగోడకు వెలుపలివైపున ఇటుకలతో కట్టిన పొగగొట్టము. దాని యడుగున గదిలోనికి తెఱచియున్న గూడు. ఈ గూటినే ఫైర్‌ప్లేస్ అందురు. ఊటీ, కూనూరులలో దొరల కాలపు బంగళాలను చూచిన సోదరీమణులకు ఇది క్రొత్త కాదు. ఇల్లంతటిని వెచ్చపెట్టుటకు నేలమాళిగలో నూనెతో మండు కొలిమి వేఱుగా కలదు. కాని అది నూనెతో మండినను విద్యుచ్ఛక్తి లేనిదే పనిచేయదు. ఆ చిన్న సంగతిలోనే పెద్ద చిక్కు దాగియున్నది.

నవంబరు మూడవ వారమున ఒకనాటి సాయంకాలము బరువైన తడిమంచు కురిసి, చెట్లు తీగెలమీద విఱిగిపడి, దీపములాఱిపోయినవి. కొలిమి నిలిచిపోయెను. గోడపొయ్యి వెలిగించితిమి. చూచుటకెంత ముచ్చట! కాని ముందు కాలును, వెనుక వణకును. మోపుల కొలది కట్టెలు తిన్నను, అర్ధరాత్రమగునప్పటికి గది మునుపటికంటె చల్లబడెను. పది నెలల మనుమడు మూడు దుప్పట్లలో నుండియు ఏడ్పు మానలేదు. కారణము పిదప తెలిసికొంటిమి. తెఱచియున్న మంట గదిలోని వెచ్చనిగాలినే పొగగొట్టముగుండ పైకి లాగివేయును. దాని స్థానమున తలుపు సందులనుండి బయటి చలిగాలి లోనికి చొఱబడును. కట్టెలోని వేడిలో పదవవంతు గదికి దక్కిన గొప్ప. నిప్పు తగ్గినపిమ్మట గొట్టము మూయుదమన్నను, కణకణలాడు నిప్పులుండగా మూయరాదు.

అప్పుడు మేమొక సలహా చెప్పితిమి. మన యిండ్లలో బాలింతరాలి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుట వాడుకయే కదా! పెరటిలో మొక్కజొన్నకండెలు కాల్చుకొను బొగ్గుల పొయ్యి యున్నది. దానిని రగిల్చి లోనికి తెండని అంటిమి. అల్లుడు సందేహించుచుండగానే పొరుగింటి ముసలమ్మ లాంతరుతో మా క్షేమము కనుగొనవచ్చినది. ఎనుబదియేండ్లది. మా సలహా విని రెండు చేతులును అడ్డముగా నూపినది. బొగ్గులు రగులునప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు; చలికై సందులన్నియు మూసికొన్న ఇంటిలో అది నిండినచో నిదురపోవువారు నిదురలోనే పోవుదురు. మన పెంకుటిండ్ల చూరుసందులు ఇన్నినాళ్లు మనల కాపాడినవి గాని మన తెలివి కాదు. అయినను మన పట్టణములలో నేడు కట్టుచున్న మూసిన గదులలో కుంపటి పెట్టవలదని ఈ సందర్భమున చదువరులకు గట్టిగా చెప్పుచున్నాము.

ఆమె మమ్ములనందఱిని తన యింటికి తోడుకొనిపోయెను. అచ్చట గది నడుమ నాలుగుకాళ్లమీద నల్లని పోతయినుప స్టవ్వు, ముందు గాజుతలుపు, పైన కెటిల్ సన్నగా మూలుగుచున్నది. గది యంతయు ఒకే వెచ్చదనము. పిల్లవాడు పావుగంటలో నిదురించెను. ఆమె రెండు లావు దుంగలు వేసి, గాలిద్వారము సగము మూసి పండుకొనెను. తెల్లవాఱి చూడగా అడుగున ఇంకను ఎఱ్ఱని నిప్పులున్నవి.

1998 జనవరిలో ఆ ప్రాంతములయందు వాన కురియుచునే మంచుగడ్డయై చెట్లను, తీగెలను పెనవేసికొనినది. కెనడాలోను, వెర్మాంటు, న్యూహాంప్‌షైరు, మెయిన్ రాష్ట్రములలోను లక్షలకొలది గృహములకు దీపములు లేవు. కొన్నిచోట్ల వారములు గడచినవి. అప్పుడీమె చాంప్లేన్ సరస్సు చెంత చెల్లెలి యింట నుండెనట. చెల్లెలికిని ఇట్టి స్టవ్వే యుండుటచే తొమ్మిదిదినములు దానిమీదనే వండుకొని, దానిచుట్టునే పండుకొని గడపిరనియు, ఇంటిలోని నీటిగొట్టములు గడ్డకట్టి పగులకుండ కాచినదియు అదియే యనియు చెప్పినది.

మఱునాడు దీపములు వచ్చినవి. వాదమును మరల వచ్చినది. గోడపొయ్యి పనికిరాదని ఇరువురకు నిశ్చయమే. దాని గూటిలోనే గాజుతలుపుగల ఇనుపపెట్టెను దూర్చి బిగింతమని అమ్మాయి; దీనిని ఇన్సర్టు అందురు. పొరుగామె యింటివలె నేలమీద నిలుచు స్టవ్వు కావలెనని అల్లుడు. ఇన్సర్టు వంటి యూహ క్రొత్తది కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ గోడపొయ్యిలో నమర్చుటకు ఇనుపపెట్టె నొకటి కల్పించి 1744లో దానిని గూర్చి చిన్నపుస్తకము వ్రాసెను. పేటెంటు హక్కు ఇచ్చెదమన్నను పుచ్చుకొనలేదు. 1973లో నూనె కఱవు వచ్చినపుడు ఆ సీమ జనులు మరల కట్టెలవైపు తిరిగిరి. 1975లో వెర్మాంటులోని రాండాల్ఫు పట్టణమున స్టవ్వులు చేయు ప్రసిద్ధమైన సంస్థ యొకటి వెలసెను. పొగ పెరుగగా 1988లో ప్రభుత్వము కట్టడి చేసెను. 2020 నుండి క్రొత్తగా అమ్ము స్టవ్వుగాని, ఇన్సర్టుగాని గంటకు 2 గ్రాములకు మించి పొగరేణువులు విడువరాదు; మామూలు కట్టెలతో పరీక్షించినచో 2.5 గ్రాములు.

ఇదెట్లు సాధ్యమని మేమడిగితిమి. పొగయనగా కాలక మిగిలిన కట్టెయే. పెట్టె పైభాగమున సన్నని రంధ్రములగుండ కాగినగాలిని వదలినచో ఆ పొగయు మండి వేడియగును. మన తల్లులు, అమ్మమ్మలు కండ్లు ఎఱ్ఱచేసికొని ఊదుగొట్టముతో ఊదిన పొగయంతయు వృథాపోయిన వంటచెఱకే యని వినగా మాకు కష్టముగా తోచెను. ఈ బాధ తీర్చుటకే హైదరాబాదులో ఎస్. పి. రాజుగారు పొగగొట్టముగల మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో పొగలేని వంటిండ్లను గూర్చి పుస్తకము వెలువరించిరి. అది ప్రతియింటికి పోలేదేమి అను ప్రశ్నకు ఇది తావు కాదు.

అమ్మాయి వాదము కొట్టివేయదగినది కాదు. ఇన్సర్టు గూటిలో నొదుగును. గదిలో చోటు ఆక్రమింపదు. నిలువు స్టవ్వు నలుప్రక్కల కాలుచుండును. పాకెడు పిల్లవాడు ఏ ప్రక్కనుండి చేయి వేయునో! అల్లుని వాదము వేఱు. ఇన్సర్టునకు మూడువైపుల ఇటుకయే. వీరి పొగగొట్టము ఇంటికి వెలుపల నుండుటచే ఆ ఇటుకకెక్కిన వేడి బయటి మంచుపాలగును. గదిలోనికి వేడిని త్రోయుటకు విద్యుత్పంకా కావలెను. దీపములు పోయిననాడు పంకాయు పోవును.

నిర్ణయింపలేక అంగడికి పోయితిమి. ఏ యూరి అంగడియో చెప్పము. అమ్మువాడు మంచిమాటకారి. ఇన్సర్టు ముందు పిల్లలను నిశ్చింతగా వదలవచ్చుననెను. పొగగొట్టము లోపల క్రొత్తగొట్టము అక్కఱలేదనియు, ఆ ఖర్చు మిగిలించి యిచ్చెదననియు చెప్పెను. మాకు లాంతరు చిమ్నీ జ్ఞాపకమునకు వచ్చెను. గాజుచిమ్నీ సన్నగా నున్నందుననే గాలి చురుకుగా పైకి లాగి దీపము నిలుకడగా వెలుగును. వత్తి సరిగా మండనినాడు మసి పట్టును. వెడల్పైన ప్రాత ఇటుకగొట్టములో పొగ మెల్లగా పోవుచు చల్లబడి తారువంటి క్రియోసోటు పేరుకొనదా, అది యంటుకొనినచో కొయ్యయిల్లు మిగులునా యని అడిగితిమి. అతడు మాటమార్చెను. అంతట అమ్మాయి ప్రదర్శనకై మండుచున్న ఇన్సర్టు గాజుతలుపు దగ్గఱ చేయిపెట్టి చటుక్కున తీసికొనెను. పిల్లవాని చేయి కాల్చుటలో ఆ గాజునకు, స్టవ్వునకు భేదము లేదు. కంచె రెంటికిని వలసినదే. ఇక ఇన్సర్టు పక్షమున మిగిలినది చోటు ఒక్కటియే.

ఇంటికి వచ్చినపిమ్మట అమ్మాయియే టేపు తీసి గది కొలిచెను. గోడపొయ్యి ముందే స్టవ్వు నిలిపి, దాని గొట్టమును గూటిగుండ పైకి పోనిచ్చు పద్ధతి యొకటి కలదని మఱొక అంగడిలో తెలిసెను. ఇట్లు చేయగా గదిలో సగము చోటే పోవును. వేడియు చాలవఱకు గదిలోనే నుండును. కొయ్యగోడకు, పైనున్న కొయ్యపలకకు ఎంత యెడముండవలెనో ఆయా స్టవ్వుమీది రేకులో వ్రాసియుండును. అట్టి రేకు లేని ప్రాతదానికి 36 అంగుళములు విడువవలెను. ముందున్న రాతియరుగు చాలకపోగా పలకరాళ్లు పఱపించి వెడల్పుచేసిరి. పై కొనదాక తుప్పుపట్టని ఉక్కుగొట్టము దింపించిరి. దానికిని, కూలికిని అయిన ఖర్చు స్టవ్వు వెలకు ఇంచుమించు సమానమయ్యెను. చుట్టును ఇనుపకంచె గోడకు మరలతో బిగించిరి. భీమా కంపెనీవారికి తెలిపి, ఊరి అధికారిచే పరీక్ష చేయించిరి.

ఇన్సర్టు కొన్నవారు తెలివితక్కువవారని మా యభిప్రాయము కాదు. న్యూజెర్సీలోని మా బంధువుల యింట చిన్నగది. దీపములు పోవుట అరుదు. పొగగొట్టము ఇంటి నడుమ నున్నది. వారికి ఇన్సర్టు చక్కగా అమరినది.

కట్టెల సంగతి కొంచెము చెప్పవలెను. అచ్చట కట్టెలను కార్డు లెక్కన కొందురు. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అనగా 128 ఘనపుటడుగులు. మేపుల్, బీచ్, బర్చ్ కఱ్ఱలు మేలైనవి. చీల్చి, గాలి తగులునట్లు పేర్చి, పైన మాత్రమే కప్పి, ఏడాది యారబెట్టవలెను. తేమ నూటికి 20 పాళ్లకు లోబడవలెను. దానిని కొలుచుటకు చిన్న యంత్రముండును. పొరుగామె మాత్రము రెండు దుంగలను తాటించి, ఖంగున మ్రోగినచో ఆరినట్లే యనును. మన వంటవారు సరుగుడు కఱ్ఱను పరీక్షించునదియు ఇట్లే. ఆష్ చెట్లను తొలుచు పురుగొకటి 2018లో ఆ రాష్ట్రమున కనబడినందున దూరపు కట్టెలు తేవలదని హెచ్చరిక. బూడిదను మూతగల లోహపు బక్కెటులో నింటికి దూరముగా నుంచవలెను. అందలి నిప్పులు దినములతరబడి చావవు. ఆ బూడిదతో మేము ఇత్తడిచెంబు తోమి చూపగా పొరుగామె మిక్కిలి సంతసించి, తన వెండిచెంచాలు కూడ తెచ్చినది. వానిని మాత్రము గీతలు పడునని తోమలేదు.

భోగినాటికి రెండుదినములు ముందు మరల దీపములు పోయినవి. బయట సున్నకు దిగువ 20 డిగ్రీల చలి. ఈసారి పొరుగామెయే కఱ్ఱ యూతగా మా యింటికి వచ్చి కూర్చుండెను. ఒంటరిగా మంచులో కట్టెలు మోయుట ఆమెకిక కష్టమని అమ్మాయియే పిలిపించెను. పిల్లవాడు కంచె పట్టుకొని లేచి నిలువబడి నిప్పును చూచి నవ్వుచుండెను. స్టవ్వుమీద కందిపప్పు పెట్టితిమి. గంటన్నరకు మెత్తగా నుడికెను. అన్నము అడుగంటినది. ముసలమ్మ ఆ మాడుచెక్కయే బాగున్నదని మారడిగి తినినది.