ఏటి ఒడ్డు గూబ

ఎలుకను పట్టే గుడ్లగూబకు చెవులే ఆధారం. చేపను పట్టే గూబకు ఆ వీలు లేదు. ఏటి హోరులో నీటి అడుగున కదిలే చేప చప్పుడు వినపడేదెలా? అందుకే ఇది కళ్లను నమ్ముకుంది. చప్పుడును పోగుచేసి చెవికి అందించే గుండ్రటి ముఖం దీనికి అంతగా లేదు. రెక్కల అంచున మెత్తటి కుచ్చూ లేదు, ఎగిరితే చప్పుడవుతుంది. నీళ్లలో ఉన్న చేపకు ఆ చప్పుడు చేరదు కదా!

జపాన్‌లో నేనుండే హొక్కైదో దీవికి తూర్పు కొసన, షిరెతోకో ద్వీపకల్పంలో రౌసు అనే ఊరుంది. అక్కడి వాగు పక్కన చలికాలం రాత్రి ఈ పక్షిని చూశాను. జపాన్ వాళ్లు షిమాఫుకురో అంటారు. బరువులో ప్రపంచంలోని గుడ్లగూబలన్నిటికంటే పెద్దది. నాలుగు కిలోలు దాటుతుంది, రెక్కలు చాపితే ఆరడుగులు. మంచు కప్పిన రాయి మీద వాలి, తల వంచి, నీళ్లలోకి చూస్తూ చాలాసేపు కదల్లేదు. ఆ తర్వాత మోకాలి లోతు నీళ్లలో దిగే మనిషిలా మెల్లగా అడుగువేసింది. ఒక్కసారిగా రెండు కాళ్లూ ముందుకు చాచి దూకింది. పైకి వచ్చేసరికి గోళ్ల మధ్య చేప కొట్టుకుంటోంది. జారిపోయే చేపను పట్టు తప్పకుండా బిగించడానికి వేళ్ల అడుగున గరుకైన ముళ్లుంటాయి.

ఇక్కడి ఆదివాసులు ఐనూలు. ఈ పక్షిని వాళ్లు ఊరిని కాచే దైవంగా కొలిచారు. ఆ సంగతి ఫోన్లో చెప్పబోతే మా మేనత్త, "పొద్దున్నే గూబ ఊసేంట్రా!" అని కసిరింది. ఇంటి మీద గూబ వాలిందని ఇల్లే ఖాళీ చేసిన కుటుంబాలను ఎరిగిన మనిషి ఆవిడ. ఆ భయం పోవాలని నా గట్టి కోరిక.

అయితే కొలిచే దైవానికీ చోటు మిగల్లేదు. ఇది గూడు పెట్టాలంటే శతాబ్దాల వయసున్న చెట్టుకు పెద్ద తొర్ర ఉండాలి. పొలాల కోసం అడవి నరికారు, వాగులకు అడ్డంగా కట్టలు వేసి సాల్మన్ చేపల దారి మూసేశారు. 1980ల నాటికి హొక్కైదోలో మిగిలినవి వందలోపే. 1984లో ప్రభుత్వం పూనుకుని చెట్లకు గూటిపెట్టెలు కట్టింది, చేపలు వదిలిన మడుగులు ఏర్పాటు చేసింది. ఇప్పుడు 150 దాటాయి. ఆ పెట్టెలు కట్టినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ పోసిన చేపల మీద ఒక జాతి ఎన్నాళ్లు బతుకుతుంది? తొర్ర పడే చెట్టుకు వందల ఏళ్లు ఆగక తప్పదు. ఏటికి అడ్డం తీయడానికి ఆగనక్కర్లేదు. షిరెతోకోలో కొన్ని కట్టలను చేపలు ఎక్కేలా మార్చారు. ముందు జరగాల్సింది ఆ పనే.

ఈ చేపల గూబకు దాయాది మన దగ్గరా ఉంది. గోధుమరంగు ఒళ్లు, పసుపు కళ్లు, ఈకలు లేని కాళ్లు. వాగుల వెంట గుబురు చెట్లలో పగలంతా దాగి, పొద్దుగూకాక చేపలకూ పీతలకూ కప్పలకూ దిగుతుంది. మారేడుమిల్లి వైపు ఉండే మా బాబాయిని మొన్న అడిగాను, వాగు గట్టున ఏరుమద్ది చెట్లు ఇంకా ఉన్నాయా అని. "పెద్దవి రెండున్నాయిరా, మిగతావి కొట్టేశారు" అన్నాడు. ఆ రెంటి జోలికి ఎవర్నీ రానివ్వొద్దని చెప్పాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ గట్టున ఓ సాయంత్రం కూర్చుంటాను.