దుమగేతె కడలి బాట

ఫిలిప్పీన్స్‌లోని నెగ్రోస్ ద్వీపపు తూర్పు అంచున దుమగేతె అనే చిన్న నగరం ఉన్నది. అక్కడి కడలి బాట పేరు రిజాల్ బులెవార్డు. ఒకవైపు కెరటాలను ఆపే గోడ, మరొకవైపు నిద్రగన్నేరు చెట్లు, పాతకాలపు దీపస్తంభాలు. సాయంవేళ సూర్యుడు మన వెనుక కొండలలోకి దిగుతాడు; ఎదుట సికిహోర్ దీవి మెల్లగా చీకటిలో కరిగిపోతుంది. బండ్ల వద్ద పొట్టి పీటల మీద కూర్చొని, పుల్లలకు గుచ్చిన టెంపురా తింటూ జనం తీరికగా మాట్లాడుకుంటారు. ఎవరినీ తొందరపెట్టని బాట అది.

పనిమీద వెళ్ళిన నాకు అక్కడ దక్కినవి మూడు సాయంకాలాలే. మొదటిరోజునే ఇంటినుండి ఫోను. అమ్మ కంటికి శుక్లం తీయించారట. "నువ్వు రానక్కరలేదులే నాయనా! అక్కడ చూడడానికేమున్నది?" అని అడిగింది. చెప్పలేకపోయాను.

ఈ బాటకు పేరిచ్చిన హోసే రిజాల్ కంటి వైద్యుడు. తల్లి కంటికి తానే శస్త్రచికిత్స చేసినవాడు. దపితన్‌లో నాలుగేళ్ళ ప్రవాసశిక్ష అనుభవించి మనీలాకు పోతూ, 1896 ఆగస్టు 1న ఓడ ఆగినప్పుడు ఈ ఊళ్ళో దిగాడు. ఈ తీరాన నడిచాడని ఊరివారు చెప్పుకుంటారు. ఆ డిసెంబరు 30న స్పెయిన్ పాలకులు ఆయనను కాల్చి చంపారు.

చివరి సాయంత్రం ఆ గోడమీద కూర్చొని అమ్మకు ఫోను చేశాను. కట్టు విప్పారా అని అడిగి, ఆమె చెప్పినదంతా విన్నాను. మధ్యలో ఆగి, "సముద్రమా అది?" అన్నది. అవునన్నాను. ఇద్దరమూ కాసేపు విన్నాము.