రాత్రి రెండింటికి ఎవరొస్తారు?

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ పిల్లలు ఊరికొస్తారు. పండగ అయిదు రోజుల్లోనే వీలు చూసుకుని అమ్మానాన్నలను డాక్టరు దగ్గరికి తీసుకొస్తారు. బీపీ, షుగరు చూడటం అయ్యాక ఫోనులో బొమ్మలు చూపిస్తారు: కోయంబత్తూరులోనో, హైదరాబాదు శివార్లలోనో పెద్దవాళ్ల కోసం కట్టిన ఇళ్లు. పచ్చిక, గుడి, యోగా హాలు.

డాక్టరు మాత్రం బాత్‌రూమ్ బొమ్మ ఉందా అని అడుగుతాడు.

కారణం ఉంది. డెబ్బై దాటిన ఒక పత్తిరైతు బీపీ మాత్రలతో పాటు ప్రోస్టేటుకూ మందు వాడేవాడు. పడుకోబెట్టి చూస్తే బీపీ 150. లేపి నిలబెట్టి, రెండు నిమిషాలాగి చూస్తే 118. అలాంటి మనిషి రాత్రి మూత్రానికని గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. ఆయనకీ తిరిగాయి. తుంటి విరిగింది. భార్య ఒక్కతే లేపలేకపోయింది. తెల్లారి పాలవాడు వచ్చేదాకా ఆయన నేలమీదే ఉన్నాడు. ముసలితనంలో తుంటి విరిగినవాళ్లలో అయిదో వంతుకు తక్కువ కాకుండా ఏడాది తిరిగేలోపే పోతారు.

అందుకే ఎక్కడ చేరబోయినా ముందు చూడాల్సింది పట్టుకునే కడ్డీలు, జారని నేల, మంచం పక్కన గంట. ఇలాంటి ఇళ్లలో ఏమేం ఉండాలో కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. కాగితం మీద ఉంటే చాలదు. ఓ రాత్రి అక్కడ పడుకుని, గంట నొక్కి, మనిషి ఎంతసేపటికి వస్తాడో చూడాలి. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపే పడాలి. కాబట్టి సీటీ స్కాను ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో కూడా అడగాలి.

భాష సంగతి చాలామందికి తోచదు. మతిమరుపు మొదలైన ఒక పంతులమ్మను పిల్లలు పొరుగు రాష్ట్రంలో చేర్చారు. అన్నం తోసేస్తోందని సిబ్బంది రాసుకున్నారు. ఆమె అడిగింది మజ్జిగన్నం. అది అర్థమయ్యేవాళ్లు అక్కడ లేరు. మనిషి బాగా చిక్కిపోయింది.

మంచాన పడితే ఉంచుకుంటారా, పంపించేస్తారా? ఒప్పందంలో వెతకాల్సిన ముఖ్యమైన వాక్యం ఇదే. తన పనులు తాను చేసుకోగలిగినంత కాలమే ఉండనిచ్చే చోట్లు చాలానే ఉన్నాయి.

పొలం రాసిచ్చేసి బయల్దేరేవాళ్లను చూస్తే డాక్టరుకు మరీ దిగులు. తల్లిదండ్రుల పోషణకు వచ్చిన 2007 చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు దస్తావేజులో రాయించుకోవడమే మేలు. చేతిలో డబ్బున్న పెద్దాయన మాత్రలు మానడు, సగానికి విరిచి మింగడు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎంచుకోవాల్సింది వెళ్లి ఉండబోయేవాళ్లు. అదీ కాళ్లు ఆడుతున్నప్పుడే. ఒక జంట అలాగే నెల రోజులు ఉండి చూసొచ్చారు. ఆయనకు నచ్చింది. ఆవిడకు మాత్రం సొంత పొయ్యి లేని ఇల్లు సరిపడలేదు. చివరికి నరసరావుపేటలో ఆసుపత్రికి దగ్గరగా, మెట్లు లేని ఇల్లు అద్దెకు తీసుకున్నారు. చేరకముందే బాత్‌రూమ్‌లో కడ్డీలు వేయించారు. ఒక తాళంచెవి పక్కింటివాళ్లకిచ్చారు.