పొణికి పెరిగే కొండలు

మైలవరం పేరెత్తితే విజయవాడ వాళ్ళు మామిడితోటలు, ఇంజినీరింగు కాలేజీ, తిరువూరు బస్సు అంటారు. ఊరికీ కృష్ణకూ మధ్య కొండపల్లి కొండలు ఉన్నాయని, దాదాపు 30 వేల ఎకరాల అడవి ఇంకా మిగిలే ఉందని ఎవరో గుర్తు చేస్తే తప్ప తట్టదు. పూలు చూడాలంటే మనవాళ్ళు రైలెక్కి సాతారా దగ్గరి కాస్ పీఠభూమికి పోతారు. 2012లో యునెస్కో గుర్తించిన పడమటి కనుమల్లో అదీ ఒకటి. అక్కడిలా నేలంతా పరుచుకున్న పూలు ఇక్కడ ఉండవు. ఇది రాతినేల, ఎండకాలం ఆకు రాల్చే అడవి. ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ మధ్య చాలా నడవాలి. నాకు నచ్చింది అదే.

కొండపల్లి ఖిల్లాకు ఘాట్ రోడ్డు ఉంది, కారులో పైదాకా పోవచ్చు. కొండపల్లి ఊళ్ళోంచి ఎక్కే పాతదారి పట్టుకుంటేనే పూలు కనిపిస్తాయి. శ్రావణ భాద్రపదాల్లో వానలు పడ్డాక రాళ్ళ సందుల్లో విష్ణుక్రాంత నీలంగా పూస్తుంది. చిటికెనవేలి గోరంత పువ్వు, వంగితే గానీ కనపడదు. పొదల మీదికి అడవినాభి పాకుతుంది. దాని ఆకు కొస సన్నటి తీగై పక్క కొమ్మను చుట్టేస్తుంది. రేకులు మొదట్లో పసుపు, కొసల్లో ఎరుపు, అన్నీ వెనక్కి విరుచుకొని పైకి లేచి ఉంటాయి. దుంప విషం, పిల్లల్ని తాకనివ్వకండి. దసరాకు తంగేడు విచ్చుకుంటుంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకులన్నీ రాలిన కొమ్మల మీద కొండగోగు పసుపుపచ్చగా పూసిందంటే ఇక కొండమీద వేరే ఏదీ చూడబుద్ధి కాదు.

ఇన్ని చెప్పినా, నేను ఈ కొండలెక్కింది పువ్వుల కోసం కాదు, తెల్లపొణికి కోసం. రాతి వాలుల మీద పెరిగే చెట్టు ఇది. పువ్వు చెప్పుకోదగ్గది కాదు. వెడల్పాటి ఆకు తిరగేసి చూస్తే అడుగున తెల్లటి నూగు. కొండపల్లి బొమ్మ పుట్టేది ఈ కర్రలోంచే. ఎండిన ముక్క చేతిలో పెడితే బెండులా తేలిగ్గా ఉంటుంది. కర్రను వేడికి చూపి తడి పోగొడతారు. తల, చేతులు, మొండెం వేర్వేరుగా చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సందులు పూడ్చి, సున్నం పూత వేసి, ఆరాక రంగులద్దుతారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి ఇలా ఒక్కోటీ తయారవుతుంది. ఏనుగు కంటే తాటిచెట్టు బొమ్మే నాకు గొప్ప. అందులో మన ఊరు ఉంది. ఈ పని చేసే ఆర్యక్షత్రియుల పూర్వీకులు శతాబ్దాల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఇప్పుడు బొమ్మల కాలనీలో ఎవరిని పలకరించినా మొదట వచ్చే మాట కర్ర కరువు. చెట్టు ఎదగాలంటే ఏళ్ళు పడుతుంది, నరికింది మాత్రం తరతరాలుగా. దీనికి తోడు కొండ అంచుల్లో గ్రావెల్ తవ్వకాలు. అటవీశాఖ మొక్కలు పెంచుతోంది, మంచిదే. కానీ గుట్టే మిగలనప్పుడు మొక్క ఎక్కడ నాటుతారు?

ఇక ఖిల్లా సంగతి. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్లు కట్టించారు. తర్వాత గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, గోల్కొండ సుల్తానులు. 1766లో ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది, కొన్నాళ్ళు సిపాయిల శిక్షణకు వాడుకున్నారు. పైనుంచి దక్షిణానికి చూస్తే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, వాటి వెనక కృష్ణ. మొదట పొగగొట్టాలే కంటపడతాయి, ఏం చేస్తాం.

ఈ కొండల నీళ్ళే బుడమేరు. మైలవరం చుట్టుపక్కల పుట్టి వెలగలేరు దగ్గర రెండుగా చీలుతుంది. మళ్ళింపు కాలువ కృష్ణలోకి, పాత వాగు కొల్లేటికి. 2024 సెప్టెంబరులో కాలువకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో నానింది. కొండమీద చెట్టు పోతే బెజవాడలో ఇల్లు మునుగుతుందని అప్పటికైనా తెలిసిందో లేదో.

  

వెళ్ళాలనుకుంటే వినాయకచవితి నుంచి కార్తికం దాకా మంచి కాలం. నీళ్ళు వెంట తీసుకెళ్ళండి, ఖిల్లా దాటి లోపలికి నడవాలనుకుంటే ముందు అటవీశాఖ వాళ్ళను అడగండి. దిగేటప్పుడు కాలనీలో ఒక బొమ్మ కొనండి, బేరం ఆడకుండా.