ఖాలా ఒళ్లో ఎనిమిది బుర్ఖాలు

సముద్రం అడుగు చూసొస్తామని చెప్పిన రోజు నుంచీ మాకు రెండే ప్రశ్నలు ఎదురయ్యాయి. మొహల్లాలో పెద్దలు అడిగింది: "మీతో మెహ్రం ఎవరొస్తున్నారు?" ఆఫీసులో మిత్రులు అడిగింది: "బుర్ఖాలతోనే దూకుతారా?" మొదటివాళ్లకి మేం హద్దు దాటుతున్న ఆడవాళ్లం. రెండోవాళ్లకి మంచి ఫోటో. ఇద్దరి చూపూ బట్ట దగ్గరే ఆగిపోయింది.

మేం పదకొండుమందిమి. గుంటూరు ఆనందపేట, సంగడిగుంట వాళ్లం ఏడుగురం. ఒంగోలు నుంచి ఇద్దరు, చీరాల నుంచి ఒకామె, చిలకలూరిపేట నుంచి ఒకామె. చాలామందిమి ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడతాం. చిలకలూరిపేట ఆమె దూదేకుల ఇంటి ఆడపడుచు, ఉర్దూ రాదు. "అసలు ముస్లిమేనా?" అని మనవాళ్లే ఆమెనడుగుతారు. "తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ" అని బయటివాళ్లు మమ్మల్ని మెచ్చుకుంటారు. రెండు మాటల పోటూ ఒకటే. మాలో టీచరుంది, మిషను కుట్టేవాళ్లున్నారు, కాలేజీ పిల్లలిద్దరున్నారు. ముగ్గురు మిర్చి తొడిమలు తీసే కూలికెళతారు. అందరికంటే పెద్దది ఖాలా. ఇరవై ఏళ్లుగా ఆమెది అదే పని.

ఈ ఆలోచన సూర్యలంకలో పుట్టింది. ఎప్పుడు బాపట్ల వెళ్లినా మా సముద్రం బుర్ఖా అంచు తడిసేంతవరకే. మొగవాళ్లూ పిల్లలూ అలల్లో దూకుతుంటే మేం చెప్పులకీ బిర్యానీ డబ్బాలకీ కాపలా. 2022 జనవరిలో ఒక ఆదివారం ఖాలా ఉన్నట్టుండి అడిగింది: "దీని అడుగున ఏముంటదో ఆడోళ్లెవరైనా చూశారా?"

చూశారని కాలేజీ పిల్ల చెప్పింది. కొరియాలోని జెజు దీవిలో డెబ్భై ఏళ్ల ముసలమ్మలు కూడా సిలిండరు లేకుండా మునిగి, నత్తలూ నాచూ ఏరుకొచ్చి బతుకుతారట. 2016లో యునెస్కో వాళ్ల బతుకుతీరుని అమూర్త సాంస్కృతిక వారసత్వాల పట్టికలో చేర్చింది. మనకైతే విశాఖ రుషికొండ దగ్గర స్కూబా ఉంది, ఈత రాకపోయినా పక్కన మనిషుండి తీసుకెళతారు అంది. ఆ రోజే చీటీ మొదలుపెట్టాం. మొదటి నెల డబ్బు ఖాలాదే.

ఆ ఫిబ్రవరిలోనే పక్క రాష్ట్రం కర్ణాటకలో కాలేజీ గేట్ల దగ్గర మన పిల్లల్ని హిజాబ్ కోసం నిలబెట్టేశారు. మార్చిలో హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు జడ్జీలిద్దరూ చెరో తీర్పూ ఇచ్చారు. మా పిల్లలు ఫోన్లలో అవన్నీ చూస్తూనే ఉన్నారు. ఫ్రాన్సులో 2016లో బుర్కినీ వేసుకున్న ఆడవాళ్లని ఒడ్డు నుంచి వెళ్లగొట్టడం కూడా వాళ్లే మాకు చూపించారు. విప్పమనేవాళ్లూ కప్పమనేవాళ్లూ మా తరఫునే మాట్లాడుతున్నామంటారు. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగరు.

పదకొండుమంది ఆడవాళ్లని మూడు రోజులు ఇల్లు కదిలించడం తేలిక కాదు. ఎవరింట్లో ఎవరు వండాలో రాసుకున్నాం. పరీక్షలున్న పిల్లల్ని అత్తలకి అప్పజెప్పాం. స్కూబా సూటు ఫోటో చూసి ఒకామె అత్తగారు "మెడ నుంచి చీలమండల దాకా నలుపే. ఇది బుర్ఖాకి చెల్లెలే గదా" అని నవ్వింది. అయినా బిగుతుగా ఉంటుందని పైన వదులు కుర్తా వేసుకోవాలనుకున్నాం. నేర్పేవాళ్లలో ఆడమనిషి లేదన్నారు. జాకెట్టు, మాస్కు మాకు మేమే ఒకరికొకరం బిగించుకుంటాం, నీళ్లలో ఆయన సిలిండరు పట్టుకుంటే చాలు అని ఫోన్లో ముందే మాట్లాడుకున్నాం. మెహ్రం కింద ఒకామె అన్నయ్య వచ్చాడు. ఆయన ఒక్కరికే మెహ్రం, మిగతా పదిమందికీ సంచులు మోశాడు.

డిసెంబరులో, కొత్త కాయ యార్డుకి పోటెత్తకముందే, గుంటూరులో సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

రుషికొండలో పొద్దున్నే మా చేతికి ఫారాలొచ్చాయి. ఇంగ్లీషులో ఉన్నాయి. చాలామందికి చదవడం రాదు. అందరివీ నింపింది మాలో పత్రికకి రాసే చెయ్యి, ఇప్పుడు ఇది రాస్తున్న చెయ్యే. మొదటి ప్రశ్నే ఊపిరితిత్తుల గురించి. ఊపిరికి సంబంధించిన బాధ ఎప్పుడైనా వచ్చిందా?

ఖాలాకి రాత్రిళ్లు దగ్గొస్తుందని మొహల్లా అంతటికీ తెలుసు. రైల్లో కూడా కూర్చునే నిద్రపోయింది. కలం ఆగడం చూసి ఆమె మెల్లిగా అంది: "లేదని రాసెయ్ బేటీ. ఆ దగ్గు యార్డుది, నాది కాదు."

నేర్పే ఆయన అందరికీ వినిపించేలా చెప్పాడు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. అందుకే నీళ్లలో ఊపిరి బిగపట్టకూడదన్నది మొదటి పాఠం. ఉబ్బసం ఉన్నవాళ్లకి లోపలి గొట్టాలు సన్నబడి గాలి బయటికి రాకపోతే, ఊపిరితిత్తి చిట్లిపోవచ్చు. డాక్టరు రాసిస్తే తప్ప దిగనివ్వం అన్నాడు.

"ఉంది" అని రాశాం. ఖాలా ఫారంలో రాశాం, ఆమెతో పనిచేసే ఇంకొకామె ఫారంలో రాశాం, చిలకలూరిపేట ఆమె ఫారంలోనూ రాశాం. ఆమె తాత విల్లుతో దూది ఏకేవాడు. ఆమె జిన్నింగు మిల్లులో పనిచేస్తుంది. సెలవు తర్వాత పనిలోకెళ్లిన రోజు గుండె బిగేసినట్టుంటుందని ఎప్పుడో చెప్పింది. దూది దుమ్ముతో వచ్చే ఆ జబ్బుని డాక్టర్లు బిస్సినోసిస్ అంటారు. ముగ్గురూ ఆగిపోయారు. ఖాలా మాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మా బుర్ఖాలు మడిచి ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చుంది. ఎనిమిది బుర్ఖాలు.

ఆ ఎనిమిదిమందిమీ పడవెక్కి వెళ్లి నీళ్లలోకి దిగాం. అయిదారు మీటర్ల లోతు. నీళ్లు ఆకుపచ్చగా, మసగ్గా ఉన్నాయి. రాళ్లు, రాళ్లకంటిన నాచు, చిన్న చిన్న చేపలు. సినిమాల్లో చూపించేంత రంగులేం లేవు. వినపడేదల్లా మా ఊపిరే. అక్కడ ఉర్దూ లేదు, తెలుగు లేదు, అన్నీ చేతి సైగలే. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి వెళదామని. ఒంగోలు ఆమె సంతోషం పట్టలేక బొటనవేలెత్తింది, పాపం వెంటనే పైకి తీసుకొచ్చేశారు. సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ అనుకున్నాం. కాదట, వడగట్టి నింపిన మామూలు గాలే. దుమ్ము లేని, ఘాటు లేని గాలి అంతసేపు పీల్చడం మాలో కొందరికి అదే మొదలు.

తిరిగొచ్చాక ఆఫీసు మిత్రుడొకరు బుర్ఖాలో ఉన్న ఫోటో అడిగారు. లేదన్నాం, వార్తా లేకుండా పోయింది. మొహల్లాలో ఒక పెద్దాయన తౌబా అన్నాడు. ముగ్గురు ఎందుకు దిగలేదని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడిగుంటే చెప్పేవాళ్లం. మెహ్రం ఆపలేదు, బుర్ఖా ఆపలేదు, మిర్చి దుమ్మూ దూది దుమ్మూ ఆపాయని.

ఒకసారి తొడిమలు తీసే చోటికి వచ్చి చూడండి. అక్కడ ప్రతి ఆడమనిషీ ముఖం కప్పుకునే ఉంటుంది. పైట కొంగు, తువ్వాలు, దుపట్టా, ఏది దొరికితే అది. మాల, మాదిగ, యానాది, తురక, అందరి కళ్లే కనపడతాయి. ఆ ముసుగు ఏ మతానిదని ఇంతవరకూ ఏ కోర్టూ అడగలేదు. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డని గొప్పగా చెప్పుకునే ఊళ్లో ఆ ముక్కులకి మంచి మాస్కు ఎందుకు లేదని కూడా అడగలేదు. మా గుర్తింపు గురించి రాయమన్నప్పుడు మాకు ముందు గుర్తొచ్చింది ఆ కళ్లే.

ఆ తర్వాత ఖాలాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పీల్చే మందు రాశాడు. ఏం పని చేస్తావని అడగలేదు, మేమే చెప్పాం. పని మానెయ్యమన్నాడు. ఖాలా నవ్వింది.

రైల్లో ఏలూరు దాటాక ఆమె మాతో మాట్లాడింది. "కింద ఊపిరి ఎట్టా ఉందే?"

"దగ్గు రాలేదు ఖాలా" అన్నాం.

కాసేపు కిటికీలోంచి చూసింది. "అయితే ఆ గాలి డబ్బాలు మన యార్డుకి తెప్పించండి. సముద్రం సంగతి తర్వాత చూద్దాం."

జనవరిలో మళ్లీ చీటీ కట్టాం. ఈసారీ మొదటి డబ్బు ఆమెదే. ఆ డబ్బుతో ముందు మాస్కులు కొన్నాం.